పాత మారుతి వ్యాన్‌లో ఇంటిల్లిపాదీ నల్లగొండ నుంచి శ్రీశైలం పోవచ్చా?

మీరు అడిగింది ఇది. 1998 మోడల్ మారుతి ఓమ్నీ, మీ నాన్న కొన్న బండి, పెట్రోల్, కార్బురేటర్. మే సెలవుల్లో నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోవాలి. నానమ్మ, ఇద్దరు పిల్లలతో కలిపి 8 మంది. పోయిన నెల యాదగిరిగుట్ట నుంచి వస్తుంటే బండి వేడెక్కి రోడ్డు మీద ఆగింది. షెడ్డులో చూపిస్తే "ఏం లేదు, నీళ్లు తగ్గినయి" అని పంపించారు. నాన్న మాత్రం ఈ బండిలోనే నానమ్మను శ్రీశైలం తీసుకుపోవాలంటున్నారు.

నా జవాబు: పోవచ్చు. కానీ ఇప్పుడున్న స్థితిలో వద్దు, 8 మందితో అసలే వద్దు. ముందు బండి ఎందుకు వేడెక్కిందో కారణం దొరకాలి. తర్వాత నాగార్జునసాగర్ దాకా ఒకసారి నడిపి చూడాలి. ప్రయాణం రోజు డిండిలో ఆగి, ముందుకా వెనక్కా అన్నది అక్కడ తేల్చుకోవాలి. ఈ మూడింట్లో ఏది కుదరకపోయినా ఆ రోజుకి వేరే బండి మాట్లాడుకోండి.

నేను దేవరకొండ దగ్గర చాలా ఏళ్లు షెడ్డు నడిపాను. ఓమ్నీలు, ట్రాక్స్‌లు, సుమోలే ఎక్కువ వచ్చేవి. సెలవుల్లో శ్రీశైలం దారిలో ఆగిన బండ్ల కోసం సామాను సంచి పట్టుకుని పోవడం నాకు మామూలు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాత బండి ఆగడం వింత కాదు. ఎక్కడ ఆగుతుంది, ఆగినప్పుడు లోపల ఎవరున్నారు అన్నదాన్ని బట్టే కష్టం. నల్లగొండ నుంచి కొండమల్లేపల్లి, దేవరకొండ మీదుగా డిండి దాకా సుమారు 90 కి.మీ. ఈ ముక్కలో ఎక్కడ ఆగినా దగ్గర్లో ఏదో ఒక ఊరుంటుంది, టీ కొట్టుంటుంది, ఆటో దొరుకుతుంది. డిండిలో మీరు హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు ఎక్కుతారు, అదే 765వ నంబరు జాతీయ రహదారి. అక్కణ్నుంచి హాజీపూర్ చౌరస్తా, ఆ తర్వాత మన్ననూర్. మన్ననూర్ చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవి. ఫరహాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట దాటి, డ్యామ్ కిందికి దిగి, మళ్లీ సుండిపెంటకు ఎక్కి శ్రీశైలం చేరేసరికి మన్ననూర్ నుంచే ఇంకో 70 కి.మీ. దాకా అవుతుంది. ఆ దారిలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ రాదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు గేటు మూసేస్తారు. మన్ననూర్ దాటాక మళ్లీ సుండిపెంట వచ్చేదాకా మంచి షెడ్డు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

ఒక కుటుంబం సాయంత్రం పూట వటవర్లపల్లి దాటాక ఇలాగే ఆగిపోయింది. ఫోన్లు పనిచేయలేదు. అటుగా వచ్చిన ఆర్టీసీ బస్సు డ్రైవర్ ముసలివాళ్లను, పిల్లలను ఎక్కించుకుని మన్ననూర్‌లో దింపి, నాకు కబురు పంపాడు. బండిలో పోయింది ఒక హోస్ పైపు క్లిప్పు. చేతిలో స్క్రూడ్రైవర్, ఇంకో క్లిప్పు, రెండు క్యాన్ల నీళ్లు ఉంటే అక్కడే అరగంటలో సర్దుకునేది.

ఇక అసలు సంగతి, వేడి. "నీళ్లు తగ్గినయి" అన్నది కారణం కాదు. నీళ్లు ఎటు పోయాయన్నది తేలాలి. మూసి ఉన్న రేడియేటర్‌లో నీళ్లు ఊరికే తగ్గవు. మీరు రాసిన దాంట్లో నాకు కావాల్సిన ముక్క ఒకటి లేదు: బండి ఎప్పుడు వేడెక్కింది? ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోతున్నప్పుడా, రోడ్డు మీద ఆగకుండా నడుస్తున్నప్పుడా?

నిలబడ్డప్పుడు వేడెక్కి, కదిలితే వేడి చూపే గేజి దిగుతుంటే ఎక్కువసార్లు రేడియేటర్ ఫ్యానే కారణం. ఓమ్నీలో అది కరెంటు ఫ్యాన్. నీళ్లు ఒక స్థాయికి వేడెక్కితే స్విచ్ దానంతటదే ఆన్ చేయాలి. బండి స్టార్ట్ చేసి నిలబెట్టి గేజి చూస్తూ ఉండండి. ముల్లు సగం దాటి పైకి పోతున్నా ఫ్యాన్ తిరగకపోతే ఫ్యూజు, స్విచ్, ఫ్యాన్ మోటారు ఈ వరసలో చూడమనండి. కొందరు మెకానిక్‌లు స్విచ్ తీసేసి ఫ్యాన్ డైరెక్ట్ చేస్తారు, అంటే తాళం తిప్పగానే తిరుగుతూ ఉంటుంది. దారిలో ఇల్లు చేరడానికి అది పనికొస్తుంది. బయలుదేరేముందు మాత్రం కొత్త స్విచ్ వేయించండి.

నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా ఎక్కుడులో వేడెక్కితే రేడియేటర్ లోపల పూడి ఉండొచ్చు, వాటర్ పంపు సరిగా తోయకపోవచ్చు, లేదా థర్మోస్టాట్ వాల్వ్ (వేడెక్కాక తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు వదిలేది) పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. మన దగ్గర చాలా షెడ్లలో ఆ వాల్వ్ తీసి పారేస్తారు. నేను దానికి ఒప్పుకోను. వాల్వ్ లేకపోతే చలికాలం ఇంజన్ సరిగా వేడెక్కదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. అసలు జబ్బు కూడా దాని వెనక దాక్కుంటుంది.

మూడోది హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పైభాగమైన హెడ్‌కు, కింది దిమ్మకు మధ్య ఉండే సీలు. దీని పరీక్ష మీరే చేయొచ్చు. పొద్దున బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, నీళ్లు నిండుగా పోసి, స్టార్ట్ చేయండి. మొదట రెండు మూడు బుడగలు వస్తే ఫర్వాలేదు, లోపలి గాలి అది. ఎక్సలేటర్ తొక్కినకొద్దీ బుడగలు ఆగకుండా వస్తుంటే ఇంజన్ లోపలి మంట గ్యాస్ నీళ్లలోకి తోస్తోందని అర్థం. ఇంజన్ ఆయిల్ మూత కింద తెల్లగా మీగడలా కనిపించినా, పొగగొట్టం నుంచి వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తున్నా అనుమానం దాని మీదే. అలా ఉంటే హెడ్ దించి పని చేయించేదాకా ఊరు దాటొద్దు.

అన్నింటికంటే చవకైనది, అందరూ మరిచిపోయేది రేడియేటర్ మూత. దానికి స్ప్రింగు, రబ్బరు వాషరు ఉంటాయి. కుక్కర్‌లో లాగా లోపల ఒత్తిడి నిలబెట్టేది అదే. ఒత్తిడి ఉన్నంతసేపు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు. రబ్బరు ఎండిపోతే ఒత్తిడి నిలవదు, నీళ్లు తొందరగా మరిగి బయటికి పోతాయి. మళ్లీ మళ్లీ వేడెక్కుతోందని ఒక ఓమ్నీకి వేరే షెడ్లలో రేడియేటర్, వాటర్ పంపు రెండూ మార్పించి చివరికి నా దగ్గరికి తెచ్చారు. కొత్త మూత వేశాక ఆ ఎండాకాలమంతా ఒక్కసారి కూడా వేడెక్కలేదు. మీరు కూడా ముందు మూత మార్చండి.

మన జిల్లాలో ఇంకో సమస్య ఉంది, నీళ్లు. నల్లగొండ బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో ఇంట్లో గీజర్ రాడ్డు చూస్తే తెలుస్తుంది. అదే తెల్లటి పొర రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన రేడియేటర్ బయటికి కొత్తదిలా మెరుస్తున్నా లోపల సగం గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి. విప్పి రాడ్డింగ్ చేయించండి, అంటే గొట్టాల్లో సన్న కమ్మీ దూర్చి పొర తీయించండి; మరీ పాడైతే కొత్తది వేయించండి. తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి. కూలెంట్ డబ్బా మీద ఎంత నీటికి ఎంత అన్నది రాసి ఉంటుంది. దారిలో ప్రాణం మీదికి వస్తే ఏ నీళ్లైనా పోయొచ్చు, ఇంటికొచ్చాక కడిగించుకుంటే సరిపోతుంది.

వేడి తర్వాత నేను భయపడేది పెట్రోల్ పైపులకి. ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. పెట్రోల్ పైపు ఆ వేడి పక్కనుంచే పోతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 1998 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు. మెత్తబడి ఉబ్బుతుంది, లేదా గట్టిపడి పగుళ్లిస్తుంది. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా రబ్బరు ముక్కలన్నీ, క్లిప్పులతో సహా కొత్తవి వేయించండి. పెద్ద ఖర్చు కాదు. బయలుదేరాక లోపల పెట్రోల్ వాసన వస్తే కిటికీ తెరిచి సర్దుకోవద్దు. బండి ఆపి, అందరినీ దింపి, సీటు లేపి చూడండి. డ్రైవర్ చేతికందేలా మంటలార్పే చిన్న సిలిండర్ ఒకటి పెట్టుకోండి. గ్యాస్ కిట్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ట్యాంకు టెస్ట్ గడువు చూడండి. ఇంట్లో వంట సిలిండర్ తగిలించి నడిపే పద్ధతి ఉంటే ఆ బండిలో పిల్లలను అసలు ఎక్కించొద్దు, చట్టం కూడా ఒప్పుకోదు.

బ్రేకుల మాట. ఈగలపెంట దగ్గర నుంచి డ్యామ్ కిందికి మలుపుల మీద మలుపులతో దిగుడు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత ఆయిల్ అయితే దిగుడులో వేడికి అందులోని నీరు ఆవిరై పెడల్ నేలకు అంటుకుంటుంది. రెండేళ్లుగా మార్చకపోతే ఇప్పుడు మార్పించండి, బ్రేకు లైనర్లు కూడా విప్పి చూడమనండి. దిగేటప్పుడు సెకండ్ గేరులో దిగండి. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు అవసరమైనప్పుడు నొక్కి వదలొచ్చు. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి, ఇంజన్ ఆపి దిగేవాళ్లను చూశాను. అలా దిగి మలుపు దగ్గర గోడను రాసుకుంటూ ఆగిన బండి నా షెడ్డుకు వచ్చింది. లోపలివాళ్లకు ఏమీ కాలేదు, కానీ అందులో ఓ చంటిపిల్ల ఉంది. మీ ఇంట్లో ఎవరు నడిపినా ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి.

టైర్లు అరిగాయా లేదా అని మాత్రమే చూస్తారు చాలామంది. వయసు కూడా చూడాలి. టైరు పక్కన 4 అంకెల నంబరు ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఆరేడేళ్లు దాటి, పక్కన సన్న పగుళ్లుంటే గీతలు బాగున్నా మార్చండి. స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ పానా ఇంటి దగ్గరే ఒకసారి వాడి చూడండి.

ఎంతమంది? ఓమ్నీ ఇంజన్ 796 సీసీ, 3 సిలిండర్లు, 35 హార్స్ పవర్ దగ్గర్లో ఉంటుంది, అది కూడా కొత్తలో. 8 మంది, సామాను, పైన క్యారియర్ మీద ఇంకో మూట పెట్టి మే ఎండలో ఘాట్ ఎక్కించడమంటే ఇంజన్‌ను కావాలని మరిగించడమే. పైగా బండి సన్నగా, ఎత్తుగా ఉంటుంది. పైన బరువు పెడితే మలుపుల్లో ఊగుతుంది. ఆర్సీలో 5 సీట్లు రాసి ఉంటే 5 మందే ఎక్కండి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది ఆ అంకెనే. మిగతా ముగ్గురికి దారి ఉంది: హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే ఆర్టీసీ బస్సులు డిండి మీదుగానే పోతాయి. నా సలహా ఏమిటంటే, నానమ్మను, మీ అమ్మను, తోడుగా ఒక మగమనిషిని బస్సు ఎక్కించండి. నానమ్మ ఈ బండిలోనే రావాలని నాన్నకు ఉంటుంది, నాకు అర్థమవుతుంది. బండిలో ఐదుగురు మించకుండా డిండి దాకా ఆమెను అందులోనే తీసుకురండి, అక్కడ బస్సు ఎక్కించండి, శ్రీశైలంలో గుడికి, సత్రానికి మళ్లీ ఆ బండిలోనే తిప్పండి. కాళ్ల కింద ఇంజన్ వేడితో, ఏసీ లేకుండా పెద్దావిడ మూడు గంటలు అడవిలో కూర్చోవడం కంటే ఇది ఆమెకు సుఖం.

పిల్లలను ముందు సీట్లో కూర్చోబెట్టొద్దు. ఆ బండికి ముందు బానెట్ లేదు, గుద్దితే దెబ్బ నేరుగా ముందు కూర్చున్నవాళ్లకే. పక్కకు జరిగే తలుపు లాక్ కూడా చూడండి. ఇన్నేళ్ల బండిలో లాక్ నాలుక అరిగి, మలుపులో తలుపు దానంతటదే జరుగుతుంది. దాన్ని మార్పించేదాకా పిల్లలను తలుపు పక్కన కూర్చోబెట్టకుండా మధ్యలో కూర్చోబెట్టండి.

ఇవన్నీ అయ్యాక సాగర్ పరీక్ష. నల్లగొండ నుంచి నాగార్జునసాగర్ 65 కి.మీ. దాకా ఉంటుంది. పెద్దవాళ్లే ఐదుగురు ఎక్కి, మధ్యాహ్నం ఎండలో పోయి రండి. నల్లగొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు, ఆ ఎండను బండి తట్టుకుంటే పొద్దుటి పూట ఘాట్‌ను కూడా తట్టుకుంటుంది. పోయేముందు నీళ్లు నిండుగా పోసి, తిరిగొచ్చి బండి చల్లారాక మళ్లీ చూడండి. వేలు మందం కంటే ఎక్కువ తగ్గితే పని ఇంకా మిగిలి ఉంది. ఇంజన్ ఆయిల్ గీత కూడా చూడండి. ఈ పరీక్ష ప్రయాణానికి కనీసం వారం ముందు పెట్టుకోండి. ముందురోజు పెట్టుకుంటే ఏ లోపం బయటపడినా "ఏమీ కాదులే, పోదాం" అనిపిస్తుంది.

ప్రయాణం రోజు తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరండి. నెమ్మదిగా నడిపినా 6, 6:30కల్లా డిండి చేరతారు. అక్కడ అరగంట ఆగండి. టీ తాగుతూ నాలుగు చూడండి: గేజి ముల్లు ఎక్కడుంది, బండి కింద తడి ఉందా, పెట్రోల్ వాసన ఉందా, చక్రాల దగ్గర బ్రేకు మాడిన వాసన ఉందా. ఒక్కటి తేడాగా ఉన్నా బండి డిండి దాటకూడదు. తెలిసిన షెడ్డులో బండి పెట్టి అందరూ బస్సు ఎక్కండి. ఈ మాట ఇంట్లోనే చెప్పి, నాన్న సరే అన్నాక బయలుదేరండి. రోడ్డు మీద, అందరూ దేవుడి మొక్కు మాట ఎత్తుతున్నప్పుడు వెనక్కి తిరుగుదామని చెప్పడం ఎవరికైనా కష్టం. పెట్రోల్ కూడా అడవిలోకి పోకముందే నింపుకోండి. తిరుగు ప్రయాణం మరుసటి రోజు తెల్లారాకే పెట్టుకోండి, సాయంత్రం శ్రీశైలంలో బయలుదేరి గేటు మూసేలోపు దాటాలని పరుగు తీయొద్దు.

బండిలో ఉండాల్సినవి: 20 లీటర్ల నీళ్లు (తాగేవి వేరే), ఫ్యాన్ బెల్టు (పేరు అదే కానీ తిప్పేది వాటర్ పంపును), పై హోస్ పైపు, నాలుగైదు క్లిప్పులు, ఫ్యూజులు, ఒక ప్లగ్గు, క్లచ్ వైరు, ఎక్సలేటర్ వైరు, కట్టుతీగ, టేపు, టార్చిలైటు, లాగడానికి తాడు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పాయింట్లున్న పాతదైతే పాయింట్, కండెన్సర్ ఒక జత. ఒక బట్టల సబ్బు కూడా. ట్యాంకు సన్నగా కారితే సబ్బు గట్టిగా రుద్దితే షెడ్డు చేరేదాకా ఆగుతుంది, సబ్బు పెట్రోల్‌లో కరగదు.

దారిలో వేడెక్కితే ఏం చేయాలి? ముల్లు పైకి పోతోంది కానీ ఆవిరి రాలేదంటే పక్కకు ఆపి ఇంజన్ నడుస్తూనే ఉండనివ్వండి, ఫ్యాన్ తిరుగుతుంటే దిగుతుంది. ఆవిరి వస్తే వెంటనే ఆపేయండి. ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే సంతోషించొద్దు. నీళ్లన్నీ పోయి, సెన్సర్‌కు తగిలే నీరే లేనప్పుడు కూడా అలాగే పడుతుంది. మూత వెంటనే తీయొద్దు. ఒత్తిడి పోగానే లోపలి నీళ్లు ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి. అలా చేతులు, మెడ కాలినవాళ్లను చూశాను. కనీసం అరగంట ఆగి, తడి గుడ్డ వేసి, మొదటి మెట్టు దాకా తిప్పి, సుయ్యిమనే చప్పుడు ఆగాక పూర్తిగా తీయండి. ఇంజన్ ఇంకా కాలుతుంటే చల్లటి నీళ్లు ఒక్కసారి పోయొద్దు, హెడ్ పగులుతుంది. స్టార్ట్ చేసి కొద్దికొద్దిగా పోయండి.

టీ తాగి వచ్చాక వేడి బండి స్టార్ట్ కాకపోతే బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొట్టొద్దు. కార్బురేటర్ బండ్లలో పెట్రోల్ పైపులోనే ఆవిరై పంపు లాగలేకపోవడం ఎండాకాలం మామూలే. సీటు లేపి గాలి తగలనిచ్చి, పెట్రోల్ పంపు మీద తడి గుడ్డ వేసి పావుగంట ఆగండి. డిస్ట్రిబ్యూటర్ వైపు నీళ్లు పడనివ్వొద్దు.

ఘాట్‌లో ఆగితే చక్రాల వెనక రాళ్లు పెట్టి, ముందు మనుషులను దించి కొండవైపు నిలబెట్టండి. పోయేటప్పుడు ఆ రాళ్లు తప్పకుండా తీసేయండి, రాత్రి బైకుల మీద వచ్చేవాళ్లు వాటి మీదే పడతారు. అడవిలో అయితే బండికి దూరంగా ఎవరినీ పోనివ్వొద్దు, కోతులకు తిండి వేయనివ్వొద్దు. సిగ్నల్ దొరికితే జాతీయ రహదారి సాయానికి 1033, అత్యవసరానికి 112. దొరక్కపోతే ఆర్టీసీ బస్సును ఆపి తర్వాతి చెక్‌పోస్టులో చెప్పమనండి.

కాగితాలు: 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఆర్సీ రెన్యువల్ 5 ఏళ్లకోసారి చేయించాలి. ఆ తేదీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ చూసుకోండి. శ్రీశైలం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, దారిలో రాష్ట్రం మారుతుంది.

ముందు ఈ మూడు పనులు చేసి ఇక్కడే రాయండి: కొత్త మూత వేశాక నీళ్లు తగ్గాయా లేదా, పొద్దున చల్ల ఇంజన్‌తో బుడగలు వచ్చాయా, గేజి ముల్లు ఎంత పైకి వెళ్లాక ఫ్యాన్ తిరిగింది. అవి చూశాక రేడియేటర్ విప్పించాలా, హెడ్ దించాలా, నేరుగా సాగర్ పరీక్షకు పోవచ్చా అన్నది చెబుతాను.